ముఖం స్పష్టంగా కనిపించే ఫోటో ఒకటి

మార్చి పద్నాలుగు, గురువారం, సాయంత్రం ఆరుంపావు. ఆ రోజు పేజీలో నేను రాసుకున్నది ఒకటే పంక్తి: అప్ప వచ్చింది, పేపరు ముక్క తెచ్చింది, టీ తాగలేదు. మా ఇంటికి వచ్చి టీ వద్దన్న సందర్భం అంతకు ముందు ఒక్కటీ లేదు. లేనిది జరిగితే రాసి పెట్టుకోవడం నా అలవాటు కనక రాశాను. దాని అర్థం తెలిసింది మే నెలలో.

అప్ప నాకు తోడబుట్టినది కాదు. మా నాన్నతో పాటు ఉక్కు ప్లాంటులో ఒకే షాపులో, అంటే ఒకే విభాగంలో, క్రేను నడిపినాయన భార్య. విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చిన మా ఇళ్ళలో అక్కను అప్ప అంటారు. నా కన్నా పదహారేళ్ళు పెద్దదైనా నేను ఆమెను పిన్ని అని పిలవలేకపోయాను, ఆమె పిలవనివ్వలేదు. ఆమె భర్త ఆ లెక్కన నాకు బావగారు. వాళ్ళుండేది సెక్టర్ 7లో, నేను సెక్టర్ 4లో. వాళ్ళకు పిల్లలు లేరు. నాకు నాన్న పోయాక ఇంట్లో ఎవరూ లేరు. ఒక ప్రైవేటు స్కూల్లో అకౌంట్లు రాస్తాను.

ఆమె తెచ్చిన ముక్క హిందీ దినపత్రికలోది. సేవా కార్యక్రమాలు చేసే స్థానిక సంఘాలకు ఊరి పాలక సంస్థ ఇచ్చే సహాయం గురించిన ప్రకటన. గరిష్ఠంగా లక్షా ఇరవై వేలు, రెండు వాయిదాలలో. దరఖాస్తుకు గడువు జూన్ ముప్పయి.

"ఇది మనకి పనికొస్తాదేటి చూడు," అంది అప్ప.

"మనకెందుకు అప్పా గవర్నమెంటు డబ్బు? ఇన్నాళ్ళూ అడగలేదు కదా."

"ఇన్నాళ్ళూ నా మోకాళ్ళున్నాయి. నా పెరటి వరండా ఉన్నాది. ఇక మీదట ఏటుంటాదో నాకెవడైనా రాసిచ్చీశాడా?" అని, "నా తర్వాత ఇది ఆగిపోకూడదే పిల్లా. అంతే నా బాధ," అంది.

ఆమె ఆగిపోకూడదన్నది క్యారేజీల గురించి. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. సొంత ఊళ్ళో అయితే బంధువులో, ఇరుగుపొరుగో వండి పంపుతారు. ఇక్కడికి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళకు మొదట్లో బంధువులు ఉండేవారు కాదు. రైలెక్కి వచ్చేసరికి మర్నాడు అయ్యేది. అప్పుడు అప్ప అత్తగారు మొదలుపెట్టింది, తర్వాత అప్ప అందుకుంది. ఎక్కడ తెలుగువాళ్ళింట మరణం జరిగినా, మూడో నాటి వరకు ఆ ఇంటికి రెండు పూటలా క్యారేజీ వెళ్ళాలి. మహిళా మండలి అని ఎప్పుడో రిజిస్టరు చేయించుకున్న పేరు ఒకటి ఉండేది గాని ఎవరూ ఆ పేరు వాడేవారు కాదు. క్యారేజీవాళ్ళు అనేవారు. వండేవాళ్ళం అప్పతో కలిపి ఏడుగురు ఆడవాళ్ళం, తీసుకెళ్ళేది బాబాయి ఒకాయన. బ్లాస్టు ఫర్నేసులో చేసి రిటైరైనాయన, ఆయన దగ్గర ఒక పాత స్కూటరు ఉంది. అందరూ ఆయన్ని స్కూటరు బాబాయి అనేవారు.

దీనికి అప్ప పెట్టిన పద్ధతులు ఉండేవి. పప్పు, చారు, అన్నం, ఒక కూర. దేనికీ పోపు పెట్టకూడదు. పోపు వాసన వీధిలోకి వెళుతుందని, ఏడ్చే ఇంట్లోంచి అలాంటి వాసన రాకూడదని ఆమె అనేది. క్యారేజీ వరండాలో పెట్టి, "క్యారేజీ" అని ఒక్క మాట అని, ఎవరో ఒకరు అందుకునే వరకు నిలబడి, వచ్చేయాలి. కూర్చోకూడదు. ఎలా పోయారని అడగకూడదు. వెళ్ళొస్తామని చెప్పకూడదు. ఖాళీ క్యారేజీ వాళ్ళు తెచ్చివ్వనక్కరలేదు, మనమే వెళ్ళి తెచ్చుకోవాలి, ఎందుకంటే తెచ్చివ్వడానికి వచ్చినవాళ్ళు కృతజ్ఞత చెప్పాల్సి వస్తుంది. బతికున్నవాళ్ళ ఇంటికి, పెళ్ళికైనా పేరంటానికైనా, ఆ క్యారేజీలు వెళ్ళకూడదు. ఇంకొకటి: ఏ ఇంటికి పంపామో పేరు రాయకూడదు. నేను లెక్కల మనిషిని కాబట్టి ఈ ఒక్క విషయంలో మాత్రం ఆమెతో వాదించాను. "తినేవాళ్ళ తలలు రాసుకో, తారీఖు రాసుకో, బియ్యం పప్పు రాసుకో. పేర్లు రాస్తే మనం పెట్టినట్టు అయిపోద్ది," అంది. నా డైరీలో అందుకే తలలు మాత్రమే ఉన్నాయి.

నేను ఈ పనిలోకి వచ్చింది మా నాన్న పోయినప్పుడు. ఆ మధ్యాహ్నం వరండాలో ఎవరో "క్యారేజీ" అన్నారు. లేచి వెళ్ళి అందుకున్నాను. అప్పటికి నా వయసు నలభై ఒకటి. ఆకలి వేస్తున్న సంగతి నాకే తెలియదు. పప్పు చప్పగా, వేడిగా, ఏ అలంకారమూ లేకుండా ఉంది. తిన్నాక మాత్రమే ఏడవగలిగాను. పెద్ద దినం అయ్యాక, పదిహేను రోజులు ఆగి సెక్టర్ 7కి వెళ్ళాను. అప్ప పెరటి వరండాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను నోరు తెరవకముందే, "థాంక్సు చెప్పడానికైతే వెళ్ళిపో. బియ్యం ఏరడానికైతే ఇటు కూచో," అంది. కూర్చున్నాను.

దరఖాస్తు కట్టే పని ఏప్రిల్‌లో మొదలైంది. మూడేళ్ళ జమాఖర్చులు నా దగ్గర పైసాతో సహా ఉన్నాయి. సంఘం నియమావళి అప్ప ఇంట్లో బియ్యం డబ్బా అడుగున దొరికింది. బ్యాంకు ఖాతాను మళ్ళీ తెరిపించాను. ఏప్రిల్ ఇరవై రెండున అన్నీ పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా నలభై ఏళ్ళాయన, ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీ, నెమ్మదైన మనిషి. ఒక్కో కాగితం తిప్పి చూసి, "కాగజ్ సబ్ ఠీక్ హై దీదీ. బస్, ఫోటో," అన్నాడు, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఫోటో ఒక్కటే లేదని.

నిబంధన నేను చదివే ఉన్నాను. సేవ అందుకుంటున్న వ్యక్తి ముఖం స్పష్టంగా కనిపించే ఫోటో ఒకటి. దాని మీద స్థలం, తేదీ, సమయం ముద్రితమై ఉండాలి. పక్కన ఆ వ్యక్తి పేరు, సంతకం. మొదటి వాయిదా ఖర్చయ్యాక, రెండో వాయిదా కోసం అలాంటిదే ఇంకొక ఇంటి ఫోటో. క్యారేజీల వరస చూపిస్తే సరిపోతుందేమోనన్న ఆశతో వంట వరండా ఫోటోలు తీసుకెళ్ళాను.

ఆయన హిందీలో చెప్పింది తెలుగులో పెడితే ఇంతే: "మా అమ్మ పోయినప్పుడు పక్కింటివాళ్ళు పంపిన ఖిచిడీ నేనూ తిన్నాను దీదీ. మీరేం చేస్తున్నారో నాకు అర్థమవుతుంది. కానీ ఫైలు పైకి వెళితే అక్కడివాళ్ళకు గిన్నెలు అక్కరలేదు, మనిషి కావాలి. ఇదివరకు కొందరు గిన్నెలే చూపించి డబ్బు తీసుకెళ్ళారు. అప్పటి నుంచి ఈ నియమం."

నియమం అన్యాయమైనదని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. పన్ను కట్టినవాళ్ళ డబ్బు ఎవరికి చేరిందో అడగడం తప్పు కాదు. మా పని అడిగితే చెప్పుకునే తీరులో లేదు, అంతే.

ఆ ఆదివారం పెరటి వరండాలో అందరం కూర్చున్నాం. నేను నిబంధన చదివి తెలుగులో చెప్పాను. సెక్టర్ 2 నుంచి వచ్చే వదిన చీపురు పక్కన పెట్టి, "ఇంతేటి? మా ఆయన్ని కూచోబెడతాను. ఏడుపు మొహం ఎలగూ ఉన్నాది, మేకప్పు కూడా అక్కర్లేదు," అంది.

అందరం నవ్వాం. అప్ప కూడా నవ్వింది గాని వెంటనే తల అడ్డంగా ఊపింది.

"బతికున్నోళ్ళింటికి ఆ క్యారేజీ వెళ్ళకూడదే. సరదాకి కూడా వద్దు. నీ మాంగల్యం మీద నీకు అంత మోజు లేకపోతే పోనీ, నా క్యారేజీ మీద నాకున్నాది."

"అయితే నిజంగా పోయినోళ్ళింటికే వెళ్ళి అడుగుదాం," అన్నాడు స్కూటరు బాబాయి. "ఒకింట్లో కాకపోతే ఒకింట్లో ఒప్పుకుంటారు. నాకిచ్చీండి ఆ పని. ఫోన్లో ఆ తారీఖు పడేది పెట్టించుకుంటాను."

నేనే ఆయన ఫోనులో ఆ యాప్ పెట్టి నేర్పాను. మే మొదటి వారంలో సెక్టర్ 2లో ఒక ఇంటికి క్యారేజీ పంపాల్సి వచ్చింది. తండ్రి పోయాడు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, తల్లి. బాబాయి వెళ్ళి గంట తర్వాత తిరిగి వచ్చాడు. స్కూటరు స్టాండు వేసి, హెల్మెటు తీయకుండానే మెట్టు మీద కూర్చున్నాడు.

"తీశావేటి?" అంది వదిన.

"చిన్న పిల్ల వచ్చి అందుకున్నాది. రెండు చేతులతోటి పట్టుకున్నాది. నేను జేబులో చెయ్యి పెట్టేను." ఆయన చెయ్యి అప్పుడు కూడా జేబులోనే ఉంది. "అంకుల్, ఛుట్టా చాహియే క్యా అన్నాది. చిల్లర కోసం వెతుకుతున్నాననుకున్నాది. అది డబ్బులిచ్చి కొనుక్కునే అన్నం అనుకున్నాది. కాదమ్మా అని చెప్పి వచ్చీసేను."

ఆ తర్వాత ఇంకో ఇంటికి వదినే వెళ్ళింది. ఫోను సంచిలోంచి తీయనే లేదని చెప్పింది. మూడోసారి నన్ను వెళ్ళమని ఎవరూ అనలేదు, నేనూ వెళతాననలేదు. నా వరండాలో ఆ రోజు ఎవరైనా నన్ను ఫోటో తీసి ఉంటే, ఈ జీవితకాలంలో పప్పన్నం మళ్ళీ ముట్టి ఉండేదాన్ని కాదు.

మే పంతొమ్మిది, ఆదివారం. ఎండ విపరీతంగా ఉంది. వంట అయ్యి, అందరూ వెళ్ళాక, నన్ను ఉండమంది అప్ప. బావగారు లోపల కూలరుకు నీళ్ళు పోస్తున్నారు. ఆమె గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాదాలు వాచి ఉన్నాయి. అప్పటికి రెండు నెలలుగా చూస్తున్నాను, ఎండాకాలం అనుకున్నాను.

"గడువు ఎప్పుడన్నావు?"

"జూన్ ముప్పయి."

"సర్దుకోవాలి మరి," అని నవ్వింది. నాకు అర్థం కాలేదు. "లివరంట. రాయ్‌పూర్లో డాక్టరు ఫిబ్రవరిలోనే చెప్పీశాడు. మందు లేదు, కోసేదీ లేదు. మీ బావకి తెలుసు. నీకిప్పుడు చెప్తన్నాను."

నేను ఏమన్నానో గుర్తులేదు. డైరీలో లేదు. ఆ రోజు పేజీలో బియ్యం కొలత ఉంది, తలలు ఆరు అని ఉంది, తర్వాత ఖాళీ.

"ఇటు విను. ఏడిస్తే తర్వాత ఏడు, నాకు కూచునే ఓపిక కాసేపే ఉన్నాది. ఎవరింటికో వెళ్ళి ఎవరి మొహమో తియ్యలేకపోతన్నారు. తియ్యకూడదు కూడాను. మా ఇంటిది తియ్యండి. మా ఇంటికి క్యారేజీ వస్తాది కదా? రాదేటి? మీ బావ అందుకుంటాడు. నువ్వు తియ్యి. పేరు రాసుకో. అడ్డు చెప్పడానికి నేనుండను, అడ్డు చెప్పొద్దని ఆయనకి నేను చెప్పీసేను."

"అప్పా, నాకు ఆ డబ్బు వద్దు."

"నీకెవరిస్తన్నారు? పొయ్యికిస్తన్నారు." తర్వాత మెత్తగా అంది: "మా అత్త పోయినప్పుడు ఇది నాకు ఇచ్చింది. నేను ఇచ్చిపోడానికి నాకు కోడలు లేదు, కూతురు లేదు. మీరు ఆరుగురూ ముసలోళ్ళయిపోతన్నారు. పెద్ద పొయ్యీ, గిన్నెలూ, రెండేళ్ళకి సరిపడా గ్యాసూ ఉంటే ఎవరో ఒకరు వచ్చి కూచుంటారు. ఏటీ లేకపోతే మీరు నాలుగు నెలలు ఏడిచి మానేస్తారు. నాకు తెలుసు మీ సంగతి."

లోపలి నుంచి బావగారు, "చెప్పీసేవా?" అని అడిగారు.

"చెప్పీసేను. నువ్వా చొక్కా ఇస్త్రీకి ఇచ్చీసి ఉంచు," అంది అప్ప.

ఆ నెల రోజులూ ఏ తేదీ కోసం నేను ఎదురు చూశానో రాయడం నాకు సాధ్యం కాదు. గడువు దాటిపోవాలని కోరుకున్నాను. జూలై ఒకటో తారీఖు ఉదయం ఆమె వరండాలో బియ్యం ఏరుతూ, గడువు పోగొట్టామని నన్ను తిడుతూ ఉండాలని కోరుకున్నాను. ప్రతి ఉదయం స్కూలుకు వెళ్ళేముందు సెక్టర్ 7 మీదుగా వెళ్ళేదాన్ని. నా దారి అది కాదు. ఆమె మంచం మీద నుంచే పప్పు ఎంత ఉడకాలో చెప్పేది. "మెదిపితే మెదగాలి గాని నీళ్ళు తేలకూడదు. పోపు లేనప్పుడు పప్పే రుచి, ఇంకేటీ లేదు దానికి." ఒక రోజు నా చేత పసుపు వేయించి, చెంచాతో నాలిక మీద పెట్టుకుని, చాలాసేపు కళ్ళు మూసుకుంది. "ఇంకొంచెం ఉప్పు. ఏడిచినోళ్ళకి ఉప్పు తెలీదు," అంది. అదే ఆమె తిన్న చివరి పప్పు.

జూన్ పద్దెనిమిది, మంగళవారం, ఉదయం ఏడున్నర. వదిన ఫోను చేసింది.

నేను వెళ్ళేసరికి అప్పను ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. ఊరి నుంచి ఆమె తమ్ముడి కుటుంబం బయల్దేరిందని, మర్నాడు గాని చేరరని, వాళ్ళ కోసం ఆగొద్దని ఆమే చెప్పిందని బావగారు అన్నారు. మధ్యాహ్నం లోపే తీసుకెళ్ళాలి. ఆడవాళ్ళం చుట్టూ కూర్చున్నాం. అప్పుడు వదిన నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "క్యారేజీ?"

అంతవరకు నాకు ఆ సంగతి తట్టలేదు. క్యారేజీలన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయి. పొయ్యీ, గిన్నెలూ, పప్పు డబ్బా, అన్నీ ఆ పెరటి వరండాలోనే. ఆ వరండాలో మూడు రోజుల వరకు మంట వెలిగించకూడదు. చావు జరిగిన ఇంటికి క్యారేజీ పంపడానికి ఆ ఇంట్లోంచే ఖాళీ క్యారేజీ పట్టుకెళ్ళాలి. ఇన్నేళ్ళలో ఎవరూ దీన్ని ఊహించలేదు. అన్నిటికీ పద్ధతి పెట్టిన ఆమె దీనికి పెట్టలేదు.

పెరట్లోకి వెళ్ళాను. మేకులకు వరసగా క్యారేజీలు వేలాడుతున్నాయి. నేను దగ్గరలో ఉన్నదాన్ని తీయబోతుంటే వెనక బావగారు వచ్చారు.

"అది కాదమ్మా. దాని మూత వదులు." ఆయన చెయ్యి చాచి చివరి మేకు మీద ఉన్నదాన్ని దించారు. గొళ్ళెం బిగించి చూసి, విప్పి, మళ్ళీ బిగించారు. "దూరపు ఇళ్ళకి ఆవిడ ఇదే పంపేది. వేడి చల్లారదు." నా చేతికిచ్చి, "మా ఇల్లు దూరం కాదు గాని, ఇదే పట్టుకెళ్ళు," అన్నారు.

దాన్ని చీర కొంగు కింద పెట్టుకుని ముందు గదిలోంచి, ఆమె పక్క నుంచి బయటకు వచ్చాను.

వంట నా పొయ్యి మీద చేశాను. ఏడుగురం చేసే పని ఒక్కదాన్నే చేశాను, ఎందుకంటే వండాల్సింది ఒక్కరికే. పప్పు దించాక అలవాటు కొద్దీ నా చెయ్యి పోపు పెట్టె మీదకు వెళ్ళింది. నా వంటింట్లో నేను ఎప్పుడూ పోపు లేకుండా వండలేదు. అలా వండింది ఆమె వరండాలోనే. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఉప్పు కొంచెం ఎక్కువ వేశాను.

దహనం అయ్యి, స్నానాలు అయ్యి, వచ్చినవాళ్ళు సర్దుకుంటున్న వేళకు స్కూటరు బాబాయి నన్ను దించాడు. ఆయన గేటు దగ్గరే ఆగిపోయాడు. నేను క్యారేజీ వరండాలో పెట్టాను. "క్యారేజీ" అన్నాను.

బావగారు బయటకు వచ్చారు. తడి తల దువ్వుకుని పాపిడి తీసుకున్నారు. ఇస్త్రీ చేసిన లేత నీలం చొక్కా వేసుకున్నారు. రిటైరైన రోజు సన్మానానికి వేసుకున్నది, నాకు గుర్తే. ఆయన ఎక్కడ నిలబడాలో ముందే తెలిసినట్టు గుమ్మానికి కుడివైపు, వెలుతురు మొహాన పడేచోట నిలబడ్డారు. వంగి క్యారేజీ తీసుకున్నారు.

"ఇక్కడేనట. ఆవిడ చూసి పెట్టింది. లోపల చీకటి పడతాదంది," అన్నారు.

నేను ఫోను ఎత్తాను. తెర మీద ఊరి పేరు, తేదీ, మూడు గంటల నలభై నిమిషాలు అని వచ్చాయి. వాటి పైన ఆయన ముఖం. ఆయన తిన్నగా నా వైపు చూస్తున్నారు. చేతుల్లో క్యారేజీ కొంచెం పైకెత్తారు, గొళ్ళెం కనిపించేలా.

"నవ్వాలేటమ్మా?" అని అడిగారు. "ఆవిడ అన్నీ చెప్పింది గాని అది చెప్పలేదు. ఫోటో అంటే నాకు నవ్వొచ్చేస్తాది. ఏటి చెయ్యమంటావు?"

ఆ ఇంటి వరండాలో మాట్లాడకూడదన్న పద్ధతిని నేను అక్కడ దాటాను. "మీకెలా వస్తే అలా ఉండండి బావగారూ," అన్నాను.

ఆయన కొంచెం ఆలోచించారు. నవ్వలేదు, ఏడవలేదు. క్రేను కేబిన్లో కూర్చుని కింద ఎవరో చెయ్యి ఊపే వరకు ఎదురుచూసే మనిషి ఎలా చూస్తాడో అలా చూశారు. నేను నొక్కాను. ఒక్కటే తీశాను. కాగితం మీద పేరు రాసి సంతకం పెట్టారు. తిరిగి వస్తుంటే వెనక నుంచి, అలవాటు ప్రకారం, "మళ్ళీ రా అమ్మా," అన్నారు. ఆ ఇంట్లోంచి ఆ మాట ఆ రోజు రాకూడదు. గేటు దగ్గర బాబాయి వినీ విననట్టు స్కూటరు స్టార్టు చేశాడు.

ఆ రోజు డైరీలో: తలలు, ఒకటి.

జూన్ ఇరవై ఆరున దరఖాస్తు ఇచ్చాను. గుమాస్తా ఫోటోను కాస్త దూరంగా పట్టుకుని చూశాడు. "చెహరా ఏక్‌దమ్ సాఫ్ ఆయా హై," అన్నాడు, ముఖం చాలా స్పష్టంగా వచ్చిందని. తర్వాత నా ముఖం చూశాడు. ముద్ర వేసిన రసీదు ఇచ్చి, లేచి నిలబడ్డాడు. నేను బయటకు వచ్చే వరకు కూర్చోలేదు.

సెప్టెంబరులో మంజూరైంది. మొదటి వాయిదా అరవై వేలు ఖాతాలో పడిన రోజు మా ఏడుగురిలో ఆరుగురమే ఉన్నామన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్ద పొయ్యి కొన్నాం. గిన్నెలు, పది కొత్త క్యారేజీలు, గ్యాసు, బియ్యం, పప్పు, బాబాయి స్కూటరుకు వెనక పెట్టె, ఒక టైరు. పైసా మిగలకుండా, పైసా తేడా రాకుండా ఖర్చు రాశాను. వంట ఇప్పుడు నా పెరట్లో. ఆమె చెప్పినట్టే జరిగింది: పెద్ద పొయ్యి వచ్చాక సెక్టర్ 4లోనే ఉండే ఒక కొత్త కోడలు, తెలుగు కన్నా హిందీ బాగా వచ్చిన అమ్మాయి, "ఆంటీ, మై భీ ఆఊఁ?" అని, నేనూ రానా అన్నట్టు అడిగి, వచ్చి కూర్చుంది. ఏడుగురం అయ్యాం. మొదటి రోజే పప్పులో పోపు పెట్టబోతే వదిన ఆమె చెయ్యి పట్టుకుంది.

రెండో వాయిదాకు గడువు డిసెంబరు ముప్పయి ఒకటి. ఇంకొక ఇంటి ఫోటో కావాలి. నవంబరు నెలాఖరున నా పెరట్లో సమావేశమయ్యాం. నేను నిబంధన మళ్ళీ చదివాను. ఈసారి వదిన హాస్యం ఆడలేదు. బాబాయి తన ఫోను తీసి నేల మీద పెట్టాడు, అది తన దగ్గర ఉండటం ఇష్టం లేనట్టు.

బావగారు ఆ మధ్య నుంచి బియ్యం ఏరడానికి వస్తున్నారు. చేటలోంచి తల ఎత్తకుండానే, "నేనున్నాను కదా మరి," అన్నారు. "పోయినసారి ఆవిడ సర్దుకుంది. డిసెంబరంటే, చెప్పలేం గాని..."

"ఊరుకో భయ్యా," అన్నాడు బాబాయి.

"ఎందుకూ? నేను పోతే అందుకునేవాడు ఉండడనా?" అని ఆయన నిజంగానే ఆలోచించారు. "అవును. అదొకటి ఉన్నాది. మొహం ఎవరిది పెడతారు?"

కొత్త అమ్మాయి లేచి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. ఓటు వేయలేదు, చేతులు ఎత్తలేదు. వదిన బియ్యం డబ్బా మూత పెట్టింది. అదే తీర్మానమని నేను రాసుకున్నాను.

డిసెంబరు పదిన ఆఫీసుకు లేఖ తీసుకెళ్ళాను. రెండో వాయిదాకు షరతు నెరవేర్చగల ఇల్లు మా సంఘం దగ్గర లేదని, కాబట్టి ఆ మొత్తం అడగడం లేదని రాశాను. గుమాస్తా రెండుసార్లు చదివాడు. "ఏదో ఒకటి చూద్దాం దీదీ, ఇంకా ఇరవై రోజులున్నాయి," అన్నాడు. ఈ ఇరవై రోజుల్లో ఎవరింట ఏం జరుగుతుందోనని ఎదురు చూడటం మళ్ళీ నా వల్ల కాదని ఆయనకు చెప్పాను. హిందీలో ఆ వాక్యం సరిగ్గా కుదరలేదు, అర్థమైంది. ముద్ర వేశాడు.

ఆ సంవత్సరం చివరి పేజీలో వేసుకున్న మొత్తం ఇది.

పోయినవి: రెండో వాయిదా, రూపాయలు అరవై వేలు. సెక్టర్ 7 పెరటి వరండా. పేరు రాయకూడదన్న పద్ధతి, ఒక ఇంటి వరకు. అప్ప.

మిగిలినవి: పెద్ద పొయ్యి ఒకటి. క్యారేజీలు కొత్తవి పది, పాతవి పద్నాలుగు. అందులో గొళ్ళెం బిగువుగా ఉన్నది ఒకటి, దూరపు ఇళ్ళకు వాడుతున్నాం. పోపు లేని పప్పు. ఫోటో ఒకటి, నా ఫోనులో ఉంది. మంగళవారాలు, ఆదివారాలు బియ్యం ఏరడానికి బావగారు.

డిసెంబరులో క్యారేజీ వెళ్ళిన ఇళ్ళు మూడు. తలలు పదకొండు.